చివరి పేజీలో ఒటకార్

అక్టోబర్ 6, 2014

మధ్యాహ్నం రాదిమ్ వచ్చి పెట్టెలు దించి వెళ్ళాడు. మా వింటేజ్ కార్ల క్లబ్ చైర్మన్. పళ్ళ డాక్టరు. మాట్లాడినంతసేపూ నా కళ్ళలోకి కాక నోట్లోకి చూస్తాడు. ఫైర్ స్టేషన్ మీది గది ఖాళీ చేయమని మునిసిపాలిటీ నోటీసు ఇచ్చిందట. క్లబ్ పుట్టినప్పటి నుంచీ వచ్చిన బులెటిన్లన్నీ ఇప్పుడు నా వంటగదిలో ఉన్నాయి. కుర్చీ వెనక్కి లాగే చోటు కూడా లేదు.

ఒక స్కానర్ ఇచ్చాడు. నవంబర్ మొదట్లో వచ్చే సమాధుల పండుగ లోపల అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమన్నాడు. తర్వాత ఈ కాగితమంతా పాత పేపర్ల బండికి పోతుంది. కొత్త సంవత్సరం నుంచి బులెటిన్ కంప్యూటర్లోనే వస్తుంది, అందులో చివరి పేజీ ఉండదు. "చచ్చిపోయినవాళ్ళకి కార్బొరేటర్లు ఎందుకండీ, బొహుమిలా గారూ?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. పళ్ళు బాగుంటాయి వెధవకి.

చివరి పేజీలో ఒటకార్ ఉన్నాడు. నా మొగుడు. పోయి మూడేళ్ళు.

అక్టోబర్ 8

పిన్నులు తుప్పు పట్టాయి. కూరగాయల చాకుతో ఒక్కొక్కటీ ఊడదీస్తున్నాను. కాగితం అంచులు వేళ్ళకు పొడిగా అంటుకుంటున్నాయి. సైక్లోస్టైల్ సిరా వాసన మాత్రం ఇంకా పోలేదు. ఈ స్టెన్సిళ్ళలో చాలావాటిని నేనే టైప్ చేశాను. ఎక్కడ తప్పు కొట్టానో, ఏ రోజు కోపంలో ఉన్నానో అక్షరాల లోతు చూసి చెప్పగలను.

మా బులెటిన్ పేరు 'క్లికా'. పాత కారు ముందు దూర్చి తిప్పే హ్యాండిల్ అన్నమాట. మొదటి పేజీలో చైర్మన్ ఉపన్యాసం, అది చైర్మన్ భార్య కూడా చదవదు. మధ్యలో ర్యాలీ కబుర్లు. చివరి పేజీలో 'కావలెను'. అందరూ వెనక నుంచే మొదలుపెడతారు.

ఆ పేజీకి ఒక రూలుంది. క్లబ్ పెట్టిన కొత్తల్లో ప్రభుత్వాన్ని ఏదో అన్నాడని ఒక సభ్యుణ్ణి యురేనియం గనులకు ఖైదీగా పంపేశారు. అంతకు ముందే అతను ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటో ఒకటి కావాలని ప్రకటన ఇచ్చి ఉన్నాడు. తీసేస్తే ఆ మనిషి ఇక లేడని మనమే ఒప్పుకున్నట్టు అవుతుందని అప్పటి ఎడిటర్ తీయలేదు. ప్రతి సంచికలోనూ వేస్తూ పోయాడు. ఏళ్ళు గడిచాక ఆ మనిషి పళ్ళు ఊడిపోయి తిరిగొచ్చాడు. ఎవరో సంపాదించి పెట్టిన మాగ్నెటో క్లబ్ బీరువాలో అతని కోసం ఉంది. ఆ రోజే రూలు రాసుకున్నారు. ఇచ్చినవాడు స్వయంగా వచ్చి చాలు అనేదాకా ప్రకటన తీయకూడదు.

చనిపోయేవాళ్ళ సంగతి అప్పుడెవరికీ తోచలేదు. తోచేసరికి తీసే ధైర్యం ఎవరికీ లేకపోయింది. అలా ఆ పేజీ నిండిపోయింది. మా ఊరి శ్మశానంలో ఉన్నవాళ్ళలో సగంమంది ఇంకా ఏదో ఒక సామాను వెతుక్కుంటూనే ఉన్నారు.

అక్టోబర్ 9

షెడ్డులో కారు తలుపు మళ్ళీ తీసి ఉంది. మూసి వచ్చాను.

అక్టోబర్ 12, ఆదివారం

పక్కింటి పిల్లి పని అని మొదట అనుకున్నాను. పిల్లి కారు తలుపు పిడి తిప్పుతుందా? పోయినేడాది నుంచి ఇంతే. వారంలో ఒకటి రెండుసార్లు పొద్దున్నే వెళ్ళేసరికి మా పాత ప్రాగా కారు ఎడమ తలుపు బార్లా తీసి ఉంటుంది. నేను ఎవరికీ చెప్పలేదు. కాఫీ కలిపి తీసుకెళ్ళి ఫుట్‌బోర్డు మీద పెడతాను. ఒటకార్ దిగి వస్తున్నాడు, పొద్దున్నే కాఫీ లేకపోతే చిరాకు పడతాడు కదా అని. చల్లారాక తెచ్చి సింకులో పోస్తాను.

భయం లేదు. ఉందని అబద్ధం రాయడమెందుకు? హాయిగా ఉంది.

ఆ కారు 1930 నాటి ప్రాగా అల్ఫా. పెళ్ళికి ముందు ఒటకార్, వాడి ప్రాణస్నేహితుడు విలెమ్ కలిసి ఒక పాత మిల్లులో గడ్డి కింద నుంచి లాగారు. ఆ రోజే స్టార్టయింది. మిల్లు నుంచి ఊళ్ళోకి నడుపుకుంటూ వచ్చారు. ముందు సీట్లలో వాళ్ళిద్దరూ, వెనక సీట్లో నేను. రేగు పళ్ళ బుట్ట ఒళ్ళో పెట్టుకుని, ఊడిపోతున్న వెనక తలుపుని తాడుతో లాగి పట్టుకుని కూర్చున్నాను. అరచెయ్యి కోసుకుపోయింది. అంత సంతోషంగా ఉన్న రోజు మళ్ళీ వచ్చిందా అంటే చెప్పలేను. ఆ కారు మళ్ళీ కదిలింది లేదు.

ఆ తర్వాత ప్రభుత్వం పాత కార్లు సర్వే చేసి, లాక్కుని విదేశాలకు అమ్ముతోందని పుకారు పుట్టింది. ఆఫీసరు వస్తున్నాడని తెలిసిన మధ్యాహ్నమే ఇద్దరూ కూర్చుని కారుని రెండు చేశారు. ఇంజిన్, గేర్‌బాక్స్ ఏటి అవతల విలెమ్ గ్యారేజ్‌కి. బాడీ, చక్రాలు మా షెడ్డుకి. సగం కారు కారు కిందికి రాదు. ఆఫీసరు వచ్చేసరికి ఒటకార్ సీట్ల మీద కుందేళ్ళను పెంచుతున్నాడు. ఆయన ముక్కు మూసుకుని వెళ్ళిపోయాడు.

ప్రమాదం తప్పింది. ఇక బిగిద్దాం అనుకున్నారు. ఎవరి షెడ్డులో? అక్కడ తెగింది. మా గ్యారేజ్‌లో చలికి వెచ్చగా పొయ్యి ఉంది, బాడీ తీసుకురా అని విలెమ్. గుండె వెళ్ళి మనిషిలో ఉండాలి గానీ మనిషి వెళ్ళి గుండెలో కూర్చుంటాడా, ఇంజిన్ తీసుకురా అని ఒటకార్. వంతెన దాటితే పని అయిపోతుంది. ఇద్దరిలో ఒక్కడూ దాటలేదు.

అలా ముసలివాళ్ళయ్యారు.

అక్టోబర్ 15

ఇద్దరూ మాట్లాడుకోలేదని ఊరంతా అంటుంది. తప్పు. ప్రతి సంచికలోనూ మాట్లాడుకున్నారు. చివరి పేజీలో ఒటకార్, దాని ముందు పేజీలో విలెమ్. ఒకే పేజీలో వేస్తే ఒప్పుకోనని విలెమ్ పట్టుబడితే ఒకే కాగితానికి అటూ ఇటూ వేసేదాన్ని. అప్పట్లో సంచికకో ముక్క టైప్ చేస్తున్నప్పుడు నవ్వుకునేదాన్ని. ఇప్పుడు వరసగా చదువుతుంటే నవ్వు రావడం లేదు.

ఒటకార్: కావలెను, ప్రాగా అల్ఫా 1930కి ఇంజిన్. తెచ్చినవారికి ప్లమ్ సారా సీసా.

విలెమ్: కావలెను, ప్రాగా అల్ఫా 1930కి బాడీ. కొందరి షెడ్డు వానకు కారుతుందని విన్నాను.

ఒటకార్: కావలెను, ఇంజిన్. షెడ్డుకి కొత్త రేకులు వేయడమైనది.

విలెమ్ భార్య పోయిన తర్వాతి సంచికలో ఒటకార్ ఇలా ఇచ్చాడు: కావలెను, ఇంజిన్. తొందర లేదు. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను. ఆ పై సంచికలో విలెమ్: కావలెను, బాడీ. సంతోషం.

ఏటా చలి వెళ్ళాక విలెమ్ ఆ ఇంజిన్‌ని బల్ల మీద బిగించి కాసేపు తిప్పేవాడు, పట్టేసుకోకుండా. ఆ చప్పుడు ఏటి మీదుగా మా పెరట్లోకి వినిపించేది. ఒటకార్ పార పక్కన పడేసి నిలబడిపోయేవాడు. ఆగిపోయాక, మూడో సిలిండర్ మందంగా ఉంది, వెధవ చూసుకోడు అనేవాడు. ఇంట్లోకి వచ్చాక ఆ పూటంతా నాతో మాట్లాడేవాడు కాదు.

అక్టోబర్ 18

విలెమ్ వచ్చాడు. వంతెన దాటి. వాళ్ళమ్మాయి ఇవొనా కారులో దించి గేటు దగ్గరే ఉండిపోయింది. మనిషి సగమయ్యాడు. ఊపిరితిత్తులట. రెండడుగులు వేసి గోడ పట్టుకుంటున్నాడు. రాదిమ్ చివరి పేజీ తీసేస్తున్న సంగతి తెలిసిందట.

కూర్చోమంటే కూర్చోలేదు. ఒకసారి కారు చూస్తానన్నాడు. షెడ్డు తెరిచాను. ఎడమ తలుపు తీసి ఉంది. పొద్దున నేనే మూశాను. విలెమ్ ఏమీ ఆశ్చర్యపోలేదు. తిన్నగా వెళ్ళి ఆ తలుపులోంచి ఎక్కి కూర్చున్నాడు.

"నా వైపు తీసి పెట్టాడు, చూశావా" అన్నాడు.

అప్పుడు చూశాను. స్టీరింగ్ కుడివైపుంది. మన దేశంలో బళ్ళు ఎడమ పక్కన నడిచిన రోజుల నాటి కారు అది. ఇప్పటి బళ్ళన్నిటికీ స్టీరింగ్ ఎడమవైపే. మా స్కోడాలో ఒటకార్ జీవితమంతా ఎడమవైపు దిగాడు, నేను ఆ లెక్కనే ఉన్నాను. ఇన్నేళ్ళు ఈ కార్ల గురించి టైప్ చేసినదాన్ని, ఇంత చిన్న సంగతి బుర్రకెక్కలేదు. ఒటకార్ దిగి నా దగ్గరికి రావడం లేదు. కుడి సీట్లో కూర్చుని, పక్కకు వంగి, ఎక్కడానికి ఎవరికో తలుపు తీస్తున్నాడు.

విలెమ్ ఖాళీ స్టీరింగ్ వైపు తిరిగి ఆయిల్ గురించి ఏదో చెప్పాడు. గొంతు తగ్గించి, పక్కవాడికి చెప్పినట్టే. నేను గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడ్డాను.

దిగాక నా చెయ్యి పట్టుకున్నాడు. "మిలా, ఇంజిన్ తెచ్చేస్తాను. మీ షెడ్డుకే. నేను ఓడిపోయానని బులెటిన్‌లో వేసుకో."

నేను వద్దన్నాను. రూలు చెప్పాను. ఇంజిన్ వస్తే ఒటకార్ ప్రకటన తీయాలి, ఒటకార్ వచ్చి చాలు అనకుండా ఎలా తీస్తాను అన్నాను.  విలెమ్ సరే మిలా అని, గోడలు పట్టుకుంటూ వెళ్ళిపోయాడు.

కప్పు గోడకేసి కొట్టాను. తర్వాత చీపురు తెచ్చి నేనే ఊడ్చుకున్నాను.

అక్టోబర్ 19, ఆదివారం

కాఫీ తీసుకెళ్ళలేదు.

అక్టోబర్ 21

కోపం తగ్గలేదు. నిజం రాస్తాను. రూలు కాదు. ఆ కారు పూర్తయితే ఒటకార్‌కి ఇక్కడ వెతుక్కోవడానికి ఏమీ మిగలదు. మనిషికి ఏదో ఒకటి కావలసి ఉన్నంతవరకే చుట్టుపక్కల ఉంటాడు. ప్రతి సంచికకీ ఆ ప్రకటన టైప్ చేస్తుంటే వాడు పక్కగదిలోంచి చెబుతున్నట్టే ఉంటుంది. అది పోనివ్వలేను.

పైగా వాడు కూర్చుని చూస్తున్నది నా కోసం కాదు. వంట చేసి, కుందేళ్ళ పెంట ఎత్తి, ఆసుపత్రిలో పాదాలు ఒత్తింది నేను. తలుపు తీసింది విలెమ్‌కి. డెబ్బై ఏళ్ళ దానికి అసూయ ఏమిటని ఎవరైనా అడగొచ్చు. ఉంది, అంతే.

అక్టోబర్ 24

ఇవొనా ఫోన్ చేసింది. ఇక ఎక్కువ కాలం లేదని డాక్టర్లు చెప్పేశారట. నాన్న తిండి మానేసి గ్యారేజ్‌లో ఇంజిన్ తుడుస్తూ కూర్చుంటున్నాడని చెప్పింది. నన్నేమీ అడగలేదు. అడిగితే తిట్టి పెట్టేసేదాన్ని. అడగలేదు కాబట్టి ఫోన్ పెట్టేశాక కూడా అక్కడే నిలబడ్డాను.

అక్టోబర్ 26, ఆదివారం

ఒటకార్ చనిపోయిన ఏడాది సంచికల పెట్టె దాకా వచ్చాను.

మా బులెటిన్ కాగితం పల్చన. స్కానర్ వెలుగుకి వెనక పేజీలో ఉన్నది కూడా ముందుకు వచ్చేస్తుంది, రెండు వైపుల అక్షరాలూ కలిసి గజిబిజి అవుతాయి. అందుకని కాగితం వెనక నల్ల అట్ట పెట్టాలి. అట్ట పెడితే అవతలి పేజీ మాయమైపోతుంది. ఇన్నాళ్ళూ మర్చిపోకుండా పెడుతున్నాను. ఇవాళ మర్చిపోయాను.

తెర మీద ఇద్దరూ వచ్చారు. ఒటకార్ ఆసుపత్రికి వెళ్ళే ముందు ఇచ్చిన ప్రకటన తిన్నగా, నల్లగా: కావలెను, ప్రాగా అల్ఫా 1930కి ఇంజిన్. ఎక్కడికైనా వస్తాను. దాని వెనక నుంచి తిరగబడిన అక్షరాల్లో, బూడిద రంగులో విలెమ్: కావలెను, బాడీ. నేనే వస్తాను.

ఒకే సంచికలో ఇద్దరూ దిగివచ్చారు. ఒకడిది ఇంకొకడు చూడకుండానే. సంచిక పోస్టులో పడేసరికి ఒటకార్ లేడు. ఆ రెండు ముక్కలూ టైప్ చేసింది నేనే. మూడేళ్ళుగా, సంచిక తర్వాత సంచిక, అవే మళ్ళీ మళ్ళీ కొడుతున్నాను. ఒకడు వస్తానంటున్నాడు, ఇంకొకడూ వస్తానంటున్నాడు, మధ్యలో నల్ల అట్టలా నేను నిలబడ్డాను.

అంత్యక్రియలనాడు విలెమ్ శ్మశానం గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మని పిలవడం నాకు తోచలేదు. వాడు పిలుపు కోసం చూశాడని ఇప్పుడు అనిపిస్తోంది.

మళ్ళీ అట్ట పెట్టి స్కాన్ చేయలేదు. అలాగే ఉంచాను. ఇవొనాకి ఫోన్ చేసి ఇంజిన్ తెమ్మన్నాను.

అక్టోబర్ 30

ట్రాక్టర్ ట్రాలీ మీద వచ్చింది. చుట్టూ దుప్పట్లు కప్పి తాళ్ళు కట్టారు. వంతెన మీద జనం ఆగి చూశారట. క్లబ్ వాళ్ళు గొలుసుకప్పీ తెచ్చి దింపుతున్నారు. రాదిమ్ కూడా వచ్చాడు. రోగులను వాయిదా వేసుకుని వచ్చాడు పాపం. బోల్టులు కడగమంటే కడుగుతున్నాడు, పళ్ళు తోమినంత శ్రద్ధగా.

విలెమ్ దుప్పటి కప్పుకుని షెడ్డులో కుర్చీ మీద కూర్చుని అందరినీ తిడుతున్నాడు. మా ఇంటి పులుసు రెండు గిన్నెలు తాగాడు.

నవంబర్ 2, ఆదివారం, సమాధుల పండుగ

పొద్దున శ్మశానానికి వెళ్ళి చామంతులు పెట్టి దీపాలు వెలిగించాను. ఒటకార్‌కి చెప్పాను. ఏం చెప్పానో రాయను.

మధ్యాహ్నం అందరూ మా పెరట్లో చేరారు. ఇంజిన్ బిగించిన కారుని బయటికి తోశారు. విలెమ్ ఎడమవైపు ఎక్కాడు. డ్రైవర్ సీట్లో ఎవరు కూర్చోవాలని రాదిమ్ అడిగాడు.  ఎవరూ కూర్చోలేదు.

హ్యాండిల్ రాదిమ్‌కి ఇచ్చారు. బొటనవేలు మిగతా వేళ్ళతో పాటు ఒకే వైపు ఉంచుకోమని నేను చెప్పాను. వెనక్కి తన్నితే వేలు విరుగుతుంది, ఆ తర్వాత పళ్ళు పీకడానికి పనికిరాడు. రెండుసార్లు తిప్పితే దగ్గింది. ఇంకోసారికి అందుకుంది.

ఆ చప్పుడు ఇన్నేళ్ళూ ఏటి అవతల నుంచే విన్నాను. దగ్గర్లో ఇంత మెత్తగా ఉంటుందని మర్చిపోయాను. విలెమ్ కళ్ళు మూసుకుని విన్నాడు. మూడో సిలిండర్ బాగానే ఉంది, ఒటకార్ అన్నీ అబద్ధాలే చెప్పాడు. తర్వాత కుడివైపు తిరిగి, "సరే, ఇక పోదామా?" అన్నాడు. రాదిమ్ నా వైపు చూశాడు. మొదటిసారి నా కళ్ళలోకి చూశాడు.

నన్ను ఎవరూ ఎక్కమనలేదు. నేను కూడా వెనక తలుపు దాకా వెళ్ళి ఆగాను.

నవంబర్ 4

విలెమ్ స్వయంగా వచ్చి ప్రకటన ఆపించాడు. రూలు ప్రకారం. క్లబ్ పుట్టాక ఇలా వచ్చి చాలు అన్నవాళ్ళు తక్కువ. తన గ్యారేజ్ ఇప్పుడు ఖాళీ, పొయ్యి ఉంది, తేమ లేదు, మీ కాగితం పెట్టెలు అక్కడ పెట్టుకోండి అన్నాడు. ఇంజిన్‌ని ఇన్నేళ్ళు కాపాడిన చోటు కాగితాన్ని కాపాడదా అని రాదిమ్‌ని గద్దించాడు. రాదిమ్ తల ఊపాడు. పాత పేపర్ల బండికి ఫోన్ చేసి వద్దన్నాడు. చివరి పేజీ కూడా ఉంటుంది, కంప్యూటర్లోనైనా సరే అన్నాడు. ఒటకార్ ప్రకటన మాత్రం ఏం చేయాలని అడిగాడు. వచ్చి చెప్పనీ అన్నాను.

నవంబర్ 9

తలుపు మూసే ఉంది. ఆ రోజు తర్వాత ఒక్కసారీ తెరుచుకోలేదు. అయినా కాఫీ తీసుకెళుతున్నాను.

నవంబర్ 13

పొద్దున ఎడమ తలుపు బార్లా తీసి ఉంది. ముట్టుకోలేదు. అలాగే వదిలేసి వచ్చాను. కాఫీ పొయ్యి మీద ఉండగానే ఇవొనా ఫోన్ చేసింది. తెల్లవారుజామున నిద్రలోనే పోయాడట.

మళ్ళీ షెడ్డుకి వెళ్ళాను. తలుపు మూసి ఉంది.

నవంబర్ 14

సీటు మీద చెయ్యి పెట్టి చూశాను. కుడిదీ, ఎడమదీ. చల్లగా ఉన్నాయి. ఖాళీ ఇంట్లో ఉండే చల్లదనం. ఇద్దరూ వెళ్ళిపోయారు. నాకు ఒక్క మాట చెప్పలేదు.

నవంబర్ 17

వచ్చే సంచిక చివరి పేజీకి ఒక కొత్త ప్రకటన ఇచ్చాను. నేను స్వయంగా వచ్చి చాలు అనేదాకా తీయకూడదని రాదిమ్‌కి రూలు గుర్తు చేశాను.

కావలెను: ప్రాగా అల్ఫా 1930లో వెనక సీటు. తొందర లేదు. తలుపు నేనే పట్టుకుంటాను.